ఛార్జ్ అప్పగింత

మరిది, చెల్లెలి మొగుడు, పన్నెండింటికల్లా వస్తానన్నాడు. వచ్చి ఛార్జ్ తీసుకుంటాను వదినగారూ అని ఫోన్లో ఎంత మెత్తగా అన్నాడంటే, పక్కన వినేవాళ్ళెవరైనా ఉంటే పాపం ఆవిడ చేతిలోని బరువు సంచీ అందుకోవడానికి వస్తున్నాడు కాబోలు అనుకుంటారు, ఇరవయ్యేళ్ళకు పైగా ఆవిడ కూర్చున్న కుర్చీ లాగెయ్యడానికి వస్తున్నాడని ఎవరనుకుంటారు. రానీ, అనుకుంది ఆమె, అదే కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి. వచ్చి తీసుకోనీ. ఛార్జ్ అనే ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎన్ని ఇళ్ళు తిరిగి ఇక్కడికి చేరిందో తెలియకుండానే తీసుకుంటాడు, అన్నీ అలాగే తీసుకున్నాడు, పనీ అలాగే తీసుకున్నాడు, చెల్లెల్నీ అలాగే తీసుకున్నాడు. గది ఖాళీ అయిపోయింది. సొరుగులు దులిపేసింది, గోడకు మేకులు మాత్రం మిగిలాయి. బల్ల మీద ఒక టెలిఫోను, మాటల చీటీలు దాచిన బీరువాల తాళాల గుత్తి, తాడుతో కట్టిన ఆఖరి ప్రూఫుల కట్టలు. ఇంగ్లీషు మాటకు మన మాటలో అర్థం చెప్పే పెద్ద నిఘంటువు, ఆమె పెళ్ళీ పేరంటం అన్నీ మానుకుని చాకిరీ చేసిన నిఘంటువు, ఇవాళ భోజనాల వేళ దాటాక ప్రెస్సులో మిషనెక్కుతుంది. అందులో ఘోరమైన తప్పుంది. ఒకచోట కాదు, కొన్ని వందల చోట్ల. ఆ తప్పు చేసింది మరిది. చేశానని అతనికి తెలియదు. ఆమెకు తెలుసు, ఈ కట్టలు తిరగేస్తుంటే కనిపించింది, కనిపించిన క్షణంలోనే చెప్పకూడదని నిశ్చయించుకుంది. ఈ గంటసేపూ నోరు కట్టేసుకుని కూర్చుంటే చాలు, ఆ తర్వాత అతని సంగతి లోకం చూసుకుంటుంది.

అటెండరు టీ తెచ్చి బల్ల మీద పెట్టి, గోడ దగ్గర వంగి, "మేడమ్, సెల్లు ఛార్జింగులో పెట్టి మర్చిపోయారు, తీసి సంచిలో వెయ్యనా, మళ్ళీ ఇంటికెళ్ళాక వెతుక్కుంటారు" అన్నాడు. వెయ్యమంది. ఈ మాట ఇవాళ ఆమెను వదిలేలా లేదు. పొద్దున బస్సులో ఒకావిడ ఛార్జీలు మళ్ళీ పెంచారా అని కండక్టరుతో జగడం పెట్టుకుంది, ముందు సీటాయన తిరగేస్తున్న పేపర్లో ఎవరి మీదో ఛార్జిషీటు వేశారని పెద్దక్షరాలు, దాని కిందే గుంపు మీదికి పోలీసులు ఛార్జ్ చేశారని చిన్నక్షరాలు, వీధి మలుపులో బ్యాటరీలు ఛార్జ్ చేయబడును అని వంకరటింకర బోర్డు. అందరి నోళ్ళలోనూ నానుతుంది ఆ మాట, ఎవరికీ దాని తల్లీతండ్రీ అక్కర్లేదు. ఆమెకు కావాలి. అదే ఆమె జబ్బు అంటాడు మరిది, ఎవరైనా ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు గింజ ఏ పొలంలో పండిందో చెప్తానంటుంది మా వదిన అని కమిటీలో అన్నాడు, అందరూ నవ్వారు. నవ్వనీ. ఎప్పుడో రోము సైన్యాలు ఒక జాతిని ఓడించాయి, ఓడినవాళ్ళ దగ్గర గట్టి బండ్లున్నాయి, గెలిచినవాళ్ళు బండ్లతో పాటు బండి పేరు కూడా పట్టుకుపోయారు. కర్రుస్. ఆ కర్రుస్ మీదికి సరుకెత్తడం కర్రికారే, అది ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి ఇంగ్లీషువాళ్ళ ఇంటికొచ్చేసరికి ఛార్జ్ అయి కూర్చుంది. బండికి బరువెత్తడం, అంతే, మిగతావన్నీ దాని సంతానం. తుపాకీలోకి మందు ఎత్తితే ఛార్జ్, ఒకరి నెత్తికి పని ఎత్తితే ఛార్జ్, ఖర్చు ఒకరి పేరుకి ఎత్తితే ఛార్జ్. ఎత్తిన బరువు దించితే డిస్‌ఛార్జ్, ఇప్పుడు తనకు జరగబోతున్నది అదే. బండి ఓడినవాడిది, సరుకు గెలిచినవాడిది. ఆ చీటీ రాసిన రోజున ఆమె గదిలో ఒక్కతే లేచి నిలబడి అటూ ఇటూ నడిచింది, సంతోషం పట్టలేక, అప్పటికి తనే బండి అవుతుందని తెలియక.

తెలియకేం, బండి చాకిరీ ఆమెకు చిన్నప్పుడే అలవాటైంది. అమ్మ పనికి పోయేది, పోతూ పోతూ చెల్లెల్ని ఎత్తి ఈమె చంకలో కూర్చోబెట్టేది, జాగ్రత్తే, దించావంటే మట్టి తింటుంది అని. దించలేదు. ఎడమ చంకలో చెల్లెలు, కుడి చేతిలో పుస్తకం, అలా చదివింది ఆమె మొదటి ఇంగ్లీషు పాఠాలు, నడుం ఒకపక్కకి వాలిపోయి ఇప్పటికీ అద్దంలో చూసుకుంటే ఎడమ భుజం కిందికుంటుంది. దాదికి అప్పగించిన పిల్లని కూడా ఇంగ్లీషువాళ్ళు ఛార్జ్ అనే అంటారు, ఆమె ఛార్జ్ ఏడుస్తోంది, ఆమె ఛార్జ్ పడుకుంది, మనిషినే బరువు కింద లెక్కకట్టేశారు, అన్యాయంగా. అన్యాయమేముంది, బరువే కదా. అమ్మ పోయాక ఫీజులు, జ్వరాలు, పరీక్షలు, చెల్లెలికి జడ వేస్తూ పరధ్యానంగా ఇంగ్లీషు మాటలు వల్లెవేస్తే అది అద్దంలోంచి వెక్కిరించేది. ఈ ఆఫీసులో ఉద్యోగం వచ్చాక మధ్యాహ్నాలు అదే క్యారియర్ తెచ్చేది, మూడు గిన్నెల క్యారియర్, ఆ మాటా ఆ బండి కూతురే. క్యారియర్ తెచ్చి ఈ కిటికీ దగ్గర కూర్చుని అక్క తినే దాకా కాళ్ళూపుకుంటూ కబుర్లు చెప్పేది. అప్పుడే చీటీల గదిలో కొత్తగా చేరాడు ఆ పిల్లాడు, సన్నగా, చొక్కా చేతులు మడిచి, గుమ్మంలో నిలబడి మేడమ్ ఈ వాక్యం ఏ అర్థం కింద వేయమంటారు అని అడుగుతూ. వాక్యం కోసం ఎన్నిసార్లొచ్చాడో, కళ్ళు మటుకు కిటికీ దగ్గరే. ఆమెకు ఎందుకు అర్థం కాలేదు. ప్రతి మాటకీ పన్నెండర్థాలు తీసే మనిషికి గుమ్మంలో నిలబడ్డవాడి ఒక్క అర్థం తెలియలేదంటే ఎవరికి చెప్పుకోవాలి. తెలిసే ఉంటుంది. మంచివాడే, తెలివైనవాడే, చెల్లెలు కళ్ళెదుటే ఉంటుంది, క్యారియర్ వస్తూనే ఉంటుంది అని తనే అనుకుని ఉంటుంది. పెళ్ళయ్యాక క్యారియర్ గుమ్మం దాకా వచ్చి పక్క గదికి తిరిగిపోయింది, అతని గదికి.

పని నేర్పింది ఎవరు, ఆమే. చీటీ మీద ఎడం వైపు మాట, కుడివైపు దొరికిన చోటు, కింద వాక్యం, ఎక్కడా సొంత పైత్యం రాయకు, పిన్ను కొట్టకు, గుండుసూది గుచ్చు, పిన్ను కొడితే కాయితం చిరుగుతుంది, గుండుసూది అయితే రేపు మనసు మారినప్పుడు తీసి ఇంకోచోట గుచ్చుకోవచ్చు. అందుకే ఆమెకు ఆఫీసులో ఆ పేరు, గుండుసూది మేడమ్, పెట్టిందీ అతనే, మొదట ముద్దుగా, తర్వాత్తర్వాత గుచ్చుతుంది కాబట్టి. మొదట్లో ఎంత విన్నాడో. నేరం మోపడం అని మనమంటాం చూడు, ఎందుకు మోపుతాం, మోపు అంటే బరువే కదా, గడ్డిమోపు, కట్టెలమోపు, ఇంగ్లీషువాడూ నేరాన్ని బండెడు సరుకులా మనిషి మీదికి ఎత్తాడు, మనమూ మోపులా నెత్తిన పెట్టాం, వాడికీ మనకూ చుట్టరికం లేదు, ఒకరినొకరు చూసుకోలేదు, అయినా పక్కవాడి మీద తప్పు వెయ్యడం ఎంత బరువైన పనో ఇద్దరికీ ఒకేలా తెలిసింది అని ఆమె చెప్తుంటే అతను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మేడమ్, ఒళ్ళు జలదరిస్తోంది అన్నాడు. అదే ఒళ్ళు, పదిహేనేళ్ళ తర్వాత కమిటీ ముందు, ఈ పుట్టుకలు ఎవరు చదువుతారండీ, పేజీలు దండగ, జనానికి అర్థం కావాలి, వంశవృక్షం కాదు అంది. కోపం వచ్చిందంటే వచ్చింది. ఇంకెవరన్నా అని ఉంటే కొట్టిపారేసేది. జలదరించినవాడే అన్నాడు.

పుట్టుకలు తీసెయ్యనివ్వలేదు ఆమె, ఒంటికాలి మీద లేచింది, కమిటీ సరే ఉంచండి అంది. అప్పుడు ఇంకో వైపు నుంచి వచ్చాడు. ఈ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఒక మాటకు చాలా అర్థాలుంటే దాన్ని ఉమ్మడి కుటుంబం అంటారు, సరదాగా మొదలై అదే పేరు స్థిరపడింది. ఆ కుటుంబంలో అర్థాలకు అంకెలు, వయసును బట్టి అంకెలు, ముందు పుట్టినవాడు పెద్దకొడుకు, వాడు ఒకటి, వాడి తర్వాతివాడు రెండు. ఛార్జ్‌లో బండికి బరువెత్తడం ఒకటి, ఇప్పుడా అర్థంలో ఎవరూ వాడకపోయినా సరే, మంచం పట్టిన పెద్దకొడుకైనా పెద్దకొడుకే. మరిది అన్నాడు, ఇది పాత చాదస్తం, జనం ఎక్కువగా వెతికేది ముందుండాలి, సంపాదించే కొడుకు ముందు కూర్చుంటాడు వదినగారూ, ఇళ్ళల్లో ఇప్పుడదే కదా. కమిటీ చప్పట్లు కొట్టింది. దాంతో ధర, రుసుము అనే అర్థం ఒకటయింది, ఫోనుకు కరెంటెక్కించడం రెండు, అధికారం మూడు, నేరం నాలుగు, పాపం బండి పోయి పోయి చిట్టచివర తొమ్మిదిలో పడింది. ఒక్క ఛార్జేనా, పెద్ద కుటుంబాలన్నీ అలాగే తిరగేశాడు, రన్, సెట్, బార్, లైన్, పాస్, అన్నీ. తిరగేశాడు బాగానే ఉంది. ఈ ఇంటి చిరునామాలు పట్టుకుని తిరిగే మిగతా మాటల సంగతి ఆలోచించలేదు. కార్గో దగ్గర ఆమె రాసింది, పుట్టుకకు ఛార్జ్ ఒకటి చూడండి అని. ఓడలోకెత్తే సరుకు కాబట్టి. ఆ ఒకటి అలాగే ఉంది, ఒకటిలో ఉండే మనిషి మారిపోయాడు. కార్గో పుట్టుక ఇప్పుడు రుసుము. ఎదుటివాడి ముక్కుకో చెవులకో బరువెత్తి గీసే బొమ్మ క్యారికేచర్, దాని పుట్టుకా రుసుమే, ఎవడో బొమ్మ గీసి బిల్లు ఇచ్చినట్టు. డిస్‌ఛార్జ్ దగ్గర, నాలుగుకు వ్యతిరేకం అని ఉంటుంది, పాత నాలుగు నెత్తిన పెట్టిన పని, కొత్త నాలుగు నేరం, అంటే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన ప్రతి రోగీ నిర్దోషిగా విడుదలైనట్టు. ఆ అంకెలన్నీ చేత్తో వేసినవి, మిషను వాటంతటవే మార్చదు, ఒక్కొక్కటీ మనిషి వెళ్ళి సరిచెయ్యాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు ఇది, బయటివాడికి చేద్దామన్నా చేతకాదు. మొదటిసారి కార్గో దగ్గర చూసినప్పుడు ఆమెకు గుండె ఝల్లుమంది. రెండోసారి క్యారికేచర్ దగ్గర నవ్వొచ్చింది. మూడోసారికి కట్ట మూసి, తాడు కట్టి, అటెండరుతో టీ తెప్పించుకుని తాగింది.

ఎందుకు చెప్పాలి, అతను చెప్పాడా. కంటి మాట డైరెక్టరుకు చెప్పేముందు ఈమెకొక ముక్క చెప్పాడా. కుడికంట్లో పొర వస్తోందని, చిన్నక్షరాలు ఈదుతున్నట్టుంటున్నాయని, ఆపరేషనంటే భయంగా ఉందని ఆమె చెల్లెలితో అంది, చెల్లెలితో తప్ప ఎవరితోనూ అనలేదు. ఆ మధ్యాహ్నం చెల్లెలింట్లో, వంటింటి గట్టు మీద కూర్చుని, చిన్నప్పుడు చంకలో కూర్చున్న పిల్ల ఇప్పుడు తన తల నిమురుతుంటే, ఎన్నేళ్ళకో కాస్త మెత్తబడి అంది. వారం తిరక్కుండా డైరెక్టరు పిలిచి, మీకు ఇంకో రెండేళ్ళు పొడిగిద్దామనుకున్నాం, కానీ మీ చూపు సంగతి తెలిసింది, ప్రూఫులు చూసే పనిలో అది కష్టం కదా, మీ వాళ్ళే పాపం మీ మీద బెంగపడుతున్నారు అన్నాడు. మీ వాళ్ళే. బెంగ. నిప్పు మీద నెయ్యి పోసినట్టయింది ఒంట్లో. చెల్లెలికి ఫోన్ చేస్తే, అక్కా, ఆయన నీ మంచికే అన్నాడే, ఎన్నాళ్ళని ఆ చీటీల్లో మగ్గిపోతావు అంది. ఆయన. అప్పటికి అది మాట్లాడే ప్రతి వాక్యానికీ కర్త ఆయనే. ఆ కంటితోనే పట్టుకుంది ఆమె ఈ తప్పు. పొర వచ్చిన కన్ను పట్టుకుంది, బెంగపడ్డ కళ్ళు రెండూ పట్టుకోలేదు. ఆ ఒక్క సంగతి తల్చుకున్నప్పుడల్లా కడుపు చల్లబడుతోంది, రేపు పుస్తకం బయటికొచ్చాక, ఎవడో కాలేజీ లెక్చరరు పేపర్లో ఉతికి ఆరేశాక, డైరెక్టరు పిలిచి ఇదేమిటండీ అంటే మరిది ఆ కట్టలు పట్టుకుని ఎలా నిలబడతాడో, చొక్కా చేతులు ఎలా మడుచుకుంటాడో ఆమె మూడు రాత్రులుగా పడుకునే ముందు చూసుకుంటోంది. ముద్దలు ముద్దలుగా తింటోంది ఆ బొమ్మని. ఒక్కటే ఇబ్బంది. ఆ బొమ్మ వెనకాల ఎప్పుడూ ఇంకెవరో వచ్చి నిలబడుతున్నారు. మొహం కనపడదు. ఏ ఊళ్ళోనో, దీపం కిందో, బస్సులోనో, కార్గో అనే మాట కోసం పేజీ తిప్పి, వేలు పెట్టి చదివి, ఓహో ఇదా అని నమ్మేసి, మూసేసి వెళ్ళిపోయే మనిషి. ఆ నమ్మకం చూడలేక ఆమె దిండు అటు తిప్పుకుని పడుకునేది. ఎవరో తెలియని మనిషి కోసం తన పగ మానుకోవాలా. మానుకోదు. కిటికీ కింద ఒక లారీ వెనక్కి వస్తూ బీప్ బీప్ మంటోంది, కూలీలు పెట్టెలు ఎత్తుతున్నారు, ఒకడు అరుస్తున్నాడు, చాల్లేరా, ఇంకెంత ఎక్కిస్తావు, విరుగుద్ది అని.

తలుపు తట్టకుండానే వచ్చాడు మరిది. ఆలస్యమైందా వదినగారూ అన్నాడు, ఆలస్యం కాలేదని గోడ గడియారం చెప్తూనే ఉంది. చేతిలో క్యారియర్, మీ చెల్లెలు ఇమ్మంది అని బల్ల మీద పెట్టాడు, మూడు గిన్నెలది కాదు, కొత్తది. ఆమె దాన్ని చూడలేదు. కుర్చీలోంచి లేచింది, లేచి ఎదురుగా నిలబడింది, కూర్చోమనే మర్యాద తనదా అతనిదా ఆ క్షణంలో ఇద్దరికీ తెలియలేదు. అతను కాయితం తీసి ఇక్కడ ఒక సంతకం, ఇక్కడ ఒకటి అని వేలు పెట్టి చూపించాడు, కళ్ళు కనిపించనివాళ్ళకు చూపించినట్టు. పెట్టింది. అతనూ పెట్టాడు. తాళాల గుత్తి అతని వైపు తోసింది. అంత బరువు దిగిపోవడానికి ఇంత తక్కువ చప్పుడా అనిపించింది.

"ఇంకేమైనా చెప్పాల్సింది మిగిలిందా, పని విషయంలో" అన్నాడు.

"లేదు" అంది.

సంచీ అందుకుంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"మీకొక మాట చెప్దామనుకున్నాను వదినగారూ. మొదటి పేజీలో మన ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా. నా పేరు తీయించేశాను. మీ పేరొక్కటే ఉంటుంది. కష్టం మీది, నేనేం చేశానని."

సంచీ మీద చెయ్యి ఆగిపోయింది. ముందు వచ్చింది సంతోషం, ఆ మాట దాచడం దండగ, చొక్కా చేతులు మడిచి గుమ్మంలో నిలబడ్డ పిల్లాడు ఒక్క క్షణం కనిపించాడు, ఇన్నేళ్ళ మంట మీద ఎవరో నీళ్ళు చిలకరించినట్టయింది. ఇలాంటివాడికా తను గొయ్యి తీసింది, తీసి పక్కన నిలబడి చూస్తోంది. ఆ వెనకనే ఇంకోటి తట్టింది, తన పేరొక్కటే ఉన్న పుస్తకం, తప్పుల తడక, మిషనెక్కడానికి సిద్ధంగా. అడిగినప్పుడు మటుకు గొంతు మామూలుగానే ఉంది.

"ఎప్పుడు తీయించావు?"

"ఇవాళ పొద్దున్నే. ప్రెస్సాయన ఫోన్ చేస్తేను, ఎలాగూ మాట్లాడుతున్నాను కదా అని."

"ఆయనెందుకు చేశాడు?"

"ఏదో చిన్న అనుమానం, అడిగాడు" అన్నాడు, అని తాళాల గుత్తి తీసుకుని ఒక్కో తాళం చెవీ లెక్కపెడుతున్నట్టు తిప్పసాగాడు. చీటీల గదిలో ఏళ్ళ తరబడి చూసింది ఆమె ఆ వేళ్ళని, చీటీ తప్పు దొంతరలో వేసినప్పుడు సరిగ్గా అలాగే తిరుగుతాయి.

"ఎన్నిచోట్ల అన్నాడు?"

అతను గుత్తి జేబులో వేసుకున్నాడు.

"నీకు తెలుసు" అంది.

"ఇప్పుడు ఆపితే ఎంత గొడవో మీకు తెలియంది కాదు" అన్నాడు, మెత్తదనం ఎక్కడికో పోయింది, ఇన్నాళ్ళకు మనిషి మనిషిలా మాట్లాడాడు. "నా మొదటి రోజున డైరెక్టరు దగ్గరికెళ్ళి నా వల్ల తప్పయింది, పుస్తకం ఆపండి అనాలా. అయినా మీకూ తెలుసు కదా. కట్టలు ఇన్ని రోజులు మీ బల్ల మీదే ఉన్నాయి. ఇందాక అడిగాను, చెప్పాల్సింది ఉందా అని. లేదన్నారు."

అన్నారు. నిజమే, అంది. అతని మొహంలో సిగ్గు కోసం వెతికింది, లేదు, తన మొహంలో మటుకు ఉందా, ఏమో, గోడ అద్దం కూడా పొద్దున్నే తీసేసి ప్యాక్ చేయించింది. ఇద్దరూ ఒకే గోతిని చెరో వైపు నుంచీ తవ్వారు, ఆమె మూడు రాత్రులు తవ్వితే అతను ఒక్క ఫోన్లో తవ్వేశాడు, అదీ తేడా. పనోడే. నేర్పింది తనే. అసహ్యం వేసింది అతని మీద, ఆ అసహ్యం అతని దగ్గర ఆగకుండా తిరిగొచ్చి తన మీద పడింది. టెలిఫోను లాక్కుని ప్రెస్సుకు కలిపింది. ప్రెస్సాయన గొంతు వెనక మిషన్లు వినిపిస్తున్నాయి.

"ఆపండి" అంది. "నిఘంటువు మిషనెక్కించకండి. తప్పులున్నాయి."

"అదే పొద్దున నేనూ అన్నాను మేడమ్. సారు పర్లేదు కానివ్వమన్నారు. పన్నెండు దాటితే ఛార్జ్ తనదే, తను చెప్తేనే ఏదైనా అన్నారు. ఏమనుకోకండి, ఆయనతో ఒక్క మాట చెప్పించండి, ఇప్పుడే ఆపేస్తాను."

రిసీవరు మరిది వైపు చాచింది. అతను అందుకోలేదు. చేతులు కట్టుకున్నాడు. కూలీ అరుపు కిందినుంచి వస్తూనే ఉంది. ఆమెకు చెల్లెలు గుర్తు రాలేదు, కన్ను గుర్తు రాలేదు, కమిటీ నవ్వులు గుర్తు రాలేదు, మొహం కనపడని ఆ మనిషి మాత్రం వచ్చి నిలబడ్డాడు, పేజీ తిప్పుతున్నాడు, వేలు పెడుతున్నాడు, ఈసారి తిప్పుకోవడానికి దిండు లేదు. పేరు లేకపోతే చచ్చిపోను, అనుకుంది. ఇది ఇలా పోతే మటుకు బతకలేను. అంత స్పష్టంగా ఆమె ఇంతవరకు ఏ మాటకూ అర్థం రాయలేదు.

"నా పేరు తీసెయ్యి" అంది, రిసీవరు మీద అరచెయ్యి మూసి. "నీ పేరొక్కటే వేసుకో. ఆలస్యం నా వల్లే అయిందని డైరెక్టరుకు చెప్పు. కళ్ళు కనపడక ముసలావిడ అంకెలు కలగాపులగం చేసింది, నేను పట్టుకున్నాను అని చెప్పు. ఆ కంటి మాట చెప్పడం నీకు కొత్తేం కాదు. ప్రతి అంకెనీ నేను కూర్చుని సరిచేస్తాను, జీతం అక్కర్లేదు. పుస్తకం ఆపు."

అతను ఆమె మొహం చూశాడు, ఇందులో మెలిక ఎక్కడుందా అని వెతికాడు, పైకీ కిందికీ వెతికాడు. ఆమె అతన్ని క్షమించలేదు, క్షమించబోయేది లేదు, ఆ సంగతి కళ్ళలో దాచుకోలేదు కూడా, బహుశా అది చూసే నమ్మాడు. మెల్లగా వచ్చి, బల్ల చుట్టూ తిరిగి, ఆమె కుర్చీలో కూర్చుని, చెయ్యి చాచి రిసీవరు తీసుకున్నాడు.

"ఆఁ, నేనే" అన్నాడు. "ఆపండి. తప్పులు నా దృష్టికొచ్చాయి. కొన్నాళ్ళు పడుతుంది, సరిచేసిన కట్టలు పంపిస్తాం. మొదటి పేజీ కూడా మారుతుంది. ఒక్కటే పేరు. రాసుకోండి" అని తన పేరు ఇంటిపేరుతో సహా, తప్పు పడకుండా, అక్షరం అక్షరం విడదీసి చెప్పసాగాడు. ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుని, అది వింటూనే, మొదటి కట్ట తాడు విప్పింది.